నార్మల్ రక్తం

షట్టరు సగం దించే ఉంది. ఆదివారం మధ్యాహ్నం రెండున్నర కావొస్తోంది. మేడ్చల్ హైవే పక్కన, రెండు దుకాణాల మధ్య ఇరుక్కున్న ఆ చిన్న ల్యాబులో సుప్రజ ఒక్కతే కూర్చుని బల్ల మీది ప్లాస్టిక్ పట్టీని చూస్తోంది. పట్టీలో చిటికెన వేలి గోరంత గుంటలు ఎనిమిదుంటే, అయిదింటిలోనే నీళ్ళలాంటిది పోసి ఉంది. చూడ్డానికి ఇప్పుడక్కడ ఏమీ లేదు. ఇంకో ముప్పై నిమిషాలు దాన్ని ఊరికే వదిలేయాలి, తరవాత కడగాలి, తరవాత రంగు తెప్పించే ద్రావణం పోసి వెలుతురు తగలకుండా సొరుగులో మరో ముప్పై నిమిషాలు పెట్టాలి. మొత్తం గంట. పదమూడేళ్ళ సర్వీసులో ఇలాంటి గంటలు ఎన్ని గడిచాయో ఆమెకే తెలీదు. ఆ గంటల్లో టిఫిన్ తింది, ఫోన్లో చీరలు చూసింది, కూతురు సాయిప్రియ హోంవర్కు ఫొటోలు చూసి తప్పులు చెప్పింది, ఒకటి రెండుసార్లు బల్ల మీద తల వాల్చి కునుకు కూడా తీసింది. ఎవరివో చేతులు, ఎవరివో మోకాళ్ళు ఆ గుంటల్లో తేలుతుంటే తను హాయిగా కునుకు తీసింది. ఆ సంగతి ఇవాళ గుర్తొస్తే సిగ్గనిపించింది. సిగ్గుపడటానికి కూడా ఇంకా ముప్పై నిమిషాలుంది.

మొదటి గుంటలో ఉన్నది కిట్టుతో పాటు కంపెనీ పంపిన ఆరోగ్యవంతుడి సీరం, రక్తం గడ్డకట్టాక పైన తేరే నీరు. ఎవరో, ఏ దేశంవాడో, కీళ్ళ నొప్పి ఎరగని పుణ్యాత్ముడు. రెండోది కంపెనీ పంపిన రోగిది. నాలుగోది ఇవాళ పొద్దున సుప్రజ తన చేతి నుంచి తీసుకున్నది, అయిదోది నిన్న సాయంత్రం, ఒకప్పుడు తమ ఇంటికి పాలు పోసిన జంగమ్మ చేతి నుంచి తీసింది. మూడోది మాత్రం డీప్ ఫ్రీజరు అడుగున, మంచు పేరుకుపోయిన డబ్బాలోంచి గోటితో గీకి తీసిన పాత ట్యూబు. దాని మీద 2022 ఆగస్టు అని తేదీ, పక్కన ఎన్ అని ఒక్క అక్షరం. ఎన్ అంటే నార్మల్. నార్మల్ అంటే సుప్రజ. ఆ మూడో గుంటలో రంగు రాకపోతే మూడేళ్ళ కిందట జంగమ్మకి తను చెప్పిన మాట నిజం. రంగు వస్తే అబద్ధం. మధ్యలో ఇంకో దారి ఉందేమోనని మూడు రోజులుగా వెతుకుతోంది గానీ దొరకలేదు.

ఈ నార్మల్ అనే బిరుదు ఇచ్చినవాడు ల్యాబు యజమాని మధుసూదన్. 2019లో ఈ మిషను కొన్న కొత్తలో మనిషి గాల్లో తేలుతుండేవాడు. షామీర్‌పేట నుంచి తూప్రాన్ దాకా కీళ్ళ జబ్బుని పట్టే యాంటీ సీసీపీ పరీక్ష చేసే చిన్న ల్యాబు మనదొక్కటేనని వచ్చినవాళ్ళందరికీ చాయ్ పోయించి మరీ చెప్పాడు. తీరా చూస్తే నెలకి వచ్చేవి నాలుగైదు శాంపిళ్ళు. కొంచెం కొంచెంగా వాడుతుంటే, ప్రతిసారీ పోలికకి పెట్టాల్సిన కంపెనీ సీరం సీసాలు ముందే ఖాళీ అయిపోయేవి, కిట్టు మాత్రం సగానికి పైగా మిగిలేది. అప్పుడు మధుసూదన్ ఒక ఉపాయం కనిపెట్టాడు. ల్యాబులో పనిచేసే నలుగురి రక్తం తీయించి కంపెనీ సీసా పక్కన పెట్టి చూశాడు. నలుగురిలో తక్కువ వచ్చింది సుప్రజది. మిషను చూపే అంకెలో దశాంశ చుక్క వదిలేసి చెప్పుకుంటారు వాళ్ళు. ఆమెది ఎనభై. "నార్మల్ అంటే గిట్లుండాలె. ఇగ మన సుప్రజమ్మ నెత్తురే లెక్క" అన్నాడు మధుసూదన్. అప్పట్నుంచి ఆర్నెల్లకోసారి ఆమె చేతి నుంచి ఒక ట్యూబు తీసి, సీరం చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచి ఫ్రీజరులో పడేసేవాళ్ళు. ఎవరి రక్తమైనా ఆమె అంకెకి మూడింతలు దాటితేనే జబ్బు ఉన్నట్టు, దాటకపోతే లేనట్టు. తప్పా అంటే, చుట్టుపక్కల ఎవరూ తప్పనుకోలేదు. సుప్రజ అయితే లోలోపల మురిసిపోయింది కూడా, అది దాచడమెందుకు. ఇంటికెళ్ళి చెబితే ఫణిభూషణ్ నవ్వి, "అయితే మేడ్చల్ మండలం మొత్తానికి ఆరోగ్యమంటే మా ఆవిడేనన్నమాట" అని ఆ వారమంతా వచ్చినవాళ్ళకల్లా చెప్పాడు. తణుకులో ఉన్న వాళ్ళమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాడు.

గోడ మీది గడియారం రెండు ముప్పై అయిదు చూపిస్తోంది. బయట లారీ ఏదో గేరు మార్చుకుంటూ నాగ్‌పూర్ వైపు వెళ్ళింది, గాజు తలుపు సన్నగా వణికింది. శరీరం తన కీళ్ళ మీద తనే కత్తి కట్టడం ఏంటో మొదట్లో సుప్రజకి అర్థమయ్యేది కాదు. కొంపల్లిలో ఒక హోటల్లో మందుల కంపెనీవాళ్ళు పెట్టిన మీటింగులో పెద్ద డాక్టరొకాయన చెప్పాడు. రోగక్రిమి మీద తయారవ్వాల్సిన యాంటీబాడీలు దారితప్పి సొంత ఒంటి మీదే తయారవుతాయట. నొప్పి పుట్టడానికి అయిదారేళ్ళ ముందునుంచే రక్తంలో తిరుగుతుంటాయట. ఉన్నవాళ్ళందరికీ జబ్బు రావాలని లేదు గానీ, కీళ్ళు బిగుసుకోవడం కూడా మొదలైతే ఇక సందేహం అక్కర్లేదట. అంకె ఎంత ఎక్కువైతే ఎముక అంత తొందరగా తినేస్తుందట. మొదటి కొన్ని నెలల్లో మందు మొదలుపెడితే చేతులు నిలబెట్టొచ్చు, ఆ నెలలు దాటిపోతే మందు జబ్బుని ఆపుతుంది గానీ పోయిన కీలుని తేలేదు అని ఆయన రెండుసార్లు చెప్పాడు. రెండోసారి చెప్పేటప్పుడు గొంతు పెంచాడు కూడా. సుప్రజ అది కంపెనీవాళ్ళిచ్చిన పుస్తకంలో రాసుకుని, కింద గీత గీసి, బిర్యానీ తిని ఇంటికొచ్చింది. ఆ రోజుకి అప్పటికే తన రక్తంలో ఎంతుండి ఉంటుందో. బహుశా నూట తొంభై.

ఎందుకంటే గురువారం నాడు ఆ అంకెలన్నీ ఒకచోట చూసింది. కొత్త కిట్టు వచ్చింది, ఈసారి కంపెనీవాళ్ళు పోలిక సీరం సీసాలు రెండింతలు పంపారు. ఉన్నాయి కదా అని కంపెనీ ఆరోగ్యవంతుణ్ణీ, తననీ పక్కపక్కన పెట్టింది. ఆరేళ్ళ తరవాత మళ్ళీ అదే మొదటిసారి. అతనికి డెబ్భై వచ్చింది. ఆమెకి ఆరు వందల పది. మధుసూదన్ చూసి పెదవి విరిచాడు. "కిట్టు ఖరాబున్నది, కంపెనీకి ఫోన్ కొట్టు." సుప్రజ ఫోన్ తీసి, ఆగి, రిజిస్టరు తీసింది. రిజిస్టరు తన చేతిరాతే. ఎనభై. నూట పది. నూట తొంభై. 2022 ఆగస్టులో మూడు వందల ఇరవై. తరవాత నాలుగు వందల పైన. ప్రతి అంకె పక్కనా, వివరం రాయాల్సిన గడిలో, తన చేతిరాతే: కడగడం సరిగ్గా లేదు. ఎండలు, మధ్యలో కరెంటు పోయింది. కొత్త బ్యాచ్. మిషను సర్వీసింగ్ చేయించాలి. నీళ్ళని అనుమానించింది, కరెంటుని అనుమానించింది, జర్మనీ వాడి మిషనుని అనుమానించింది. నార్మల్‌ని అనుమానించాలని ఆరేళ్ళలో ఒక్కరికి కూడా తోచలేదు. మిగతావాళ్ళ సంగతి సరే, ఆ నార్మల్‌ని ఒంటి మీద మోసుకు తిరుగుతున్న మనిషికైనా తోచొద్దా. తన జబ్బు కథ తనే, తేదీలతో సహా, నీలం ఇంకుతో రాసుకుంటూ పోయింది. కొన్నిచోట్ల అంకె కింద స్కేలు పెట్టి గీత కూడా గీసింది.

తోచకపోవడానికి వేళ్ళు చెప్పలేదా అంటే, చెప్పాయి. పోయిన శీతాకాలం నుంచే చెబుతున్నాయి. పొద్దున లేవగానే కుడిచేతి చూపుడువేలూ నడివేలూ ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు ఉంటున్నాయి. సాయిప్రియకి రెండు జడలు వేయడం మానేసి రబ్బరు బ్యాండు వేసి పంపుతోంది, అడిగితే బడికి లేటవుతోందని చెబుతోంది. పచ్చడి సీసా మూత తలుపు సందులో పెట్టి తిప్పుతోంది. వేడినీళ్ళలో చేతులు పెట్టుకుని పావుగంట నిలబడితే గాని చాకు పట్టుకోవడం కుదరట్లేదు. పదింటికి ల్యాబుకొచ్చేసరికి అన్నీ మామూలే. రోజంతా చుక్కలు తీసే పిపెట్ నొక్కుతాం కదా, దాని వల్ల అనుకుంది. ఒకసారి ఫణిభూషణ్‌తో అంటే ఆయన పేపరు మడుస్తూ, "నీకు పనున్నప్పుడే నొప్పులొస్తాయేంటి, మధ్యాహ్నానికి మాయమవుతాయి" అన్నాడు. తిట్టలేదు, ఊరికే అన్నాడు. ఆ ఊరికే అన్న మాటే నిన్న జంగమ్మ ఇంట్లో ఇంకొకరి నోట వింది సుప్రజ.

జంగమ్మ పాలమ్ముకునే మనిషి కాదు, ఆ మాట అంటే ఆమె ఊరుకోదు. గుండ్లపోచంపల్లిలో సుప్రజవాళ్ళుండే కాలనీ మొత్తం ఒకప్పుడు జంగమ్మవాళ్ళ ద్రాక్షతోట. "నువ్వు వంటజేస్తున్నవే, గాడ మా పందిరి రాళ్ళుండె" అని మొదటి రోజే చెప్పింది. కొడుకు జనార్ధన్ భూమి ప్లాట్లు చేసి, రెండంతస్తుల ఇల్లు కట్టి, వార్డు రాజకీయాల్లో తిరుగుతుంటే ఆవిడ మాత్రం రెండు బర్రెల్ని వదల్లేదు. ఇంట్లోవాళ్ళకి అది నామోషీ. ఆవిడకి కాలక్షేపం, ఆ మాటకొస్తే ఆవిడకి అదే ప్రాణం. తెల్లారి అయిదున్నరకి స్టీలు క్యాను పట్టుకుని కాలనీ గేటు దాటి నాలుగిళ్ళకి తనే పాలు పోసేది. సుప్రజ పెద్దమ్మా అని పిలిచేది. 2022 వానాకాలంలో ఒకరోజు పాలు ఏడింటికి వచ్చాయి, తరవాత ఎనిమిదింటికి, తరవాత రాలేదు. నాలుగో రోజు జంగమ్మే ల్యాబుకొచ్చి ఎదురుగా ఉన్న ఆ స్టూలు మీదే కూర్చుంది. "బర్రె తన్నుతున్నది బిడ్డా. పిండుడు సక్కగ వస్తలేదు, పట్టు లేదు చేతుల. పొద్దుగాల ముడుసుకోని ఉంటయి, తెరుసుకోవు. పది గొట్టినంక మెల్లగ వస్తయి" అంది. వేళ్ళ మొదళ్ళు కొద్దిగా ఉబ్బి ఉన్నాయి, అంతే. వేళ్ళు అప్పటికి తిన్నగానే ఉన్నాయి. ఆ తిన్నటి వేళ్ళని సుప్రజ తన కళ్ళతో చూసింది.

జంగమ్మకి ఆ నెలలో వచ్చింది ఎనిమిది వందల నలభై. నార్మల్‌కి మూడు వందల ఇరవై. మూడింతలంటే తొమ్మిది వందల అరవై. దాటలేదు. సుప్రజ క్యాలిక్యులేటరు పక్కన పెట్టి సంతోషంగా లేచింది. ఇది బాగా గుర్తుంది, సంతోషంగానే లేచింది. కాయితం చేతిలో పెట్టి, "ఏమీ లేదు పెద్దమ్మా, అంతా నార్మల్" అంది. జంగమ్మ కాయితం వైపు, సుప్రజ వైపు మార్చి మార్చి చూసి, "ఏం లేదా, మరి గీ నొప్పేంది" అంది. అప్పట్లో కాళ్ళూ చేతులూ పట్టేస్తే అందరూ చెప్పుకునే మాటే సుప్రజా చెప్పింది, ఎప్పుడో వచ్చిన చికున్‌గున్యా తాలూకు నొప్పులు అలా ఉండిపోతాయని. నూనె రాసుకోమంది. అప్పుడు పాత ఎనభైతో లెక్కకట్టి ఉంటే హద్దు రెండు వందల నలభై. ఎనిమిది వందల నలభై అంటే పెద్ద డాక్టరు గొంతు పెంచి చెప్పిన రోగం, అంతకంటే స్పష్టంగా ఉండదు. తన రక్తం పైకి పోతూ ఆ ముసలావిడని కిందికి తోసేసింది. ఆ ఏడాదిలో ఇలా హద్దు దగ్గర ఆగిపోయినవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు, వాళ్ళ ఫోన్ నంబర్లు కాయితం మీద రాసిపెట్టుకుంది. వాళ్ళ ముఖాలు గుర్తులేవు. జంగమ్మ ముఖం గుర్తుంది, అదే ఇబ్బంది.

టైమరు మోగింది. సుప్రజ లేచి పట్టీని అయిదుసార్లు కడిగింది, ప్రతిసారీ బ్లాటింగ్ కాయితం మీద బోర్లించి తట్టింది. కడగడం సరిగ్గా లేదు అని ఇవాళ ఎవరూ రాయడానికి వీల్లేకుండా ఆరోసారి కూడా కడిగింది. రంగు ద్రావణం పిపెట్‌లోకి తీసేటప్పుడు బొటనవేలు ఒక్క క్షణం మొరాయించింది. అయిదు గుంటల్లోనూ పోసి, పట్టీని సొరుగులో పెట్టి మూసింది. మళ్ళీ కుర్చీ. మళ్ళీ ముప్పై నిమిషాలు. జబ్బు యాంటీబాడీ ఉన్నచోట నీలం వస్తుంది, లేనిచోట నీళ్ళు నీళ్ళుగానే ఉంటాయి. దేవుడా, ఆ ఏడాది కిట్టే చెడిపోయి ఉండాలి. చెడ్డ కిట్టైతే అందరి అంకెలూ కలిసి పెరిగి ఉంటాయి, అప్పుడు మూడు వందల ఇరవైకీ అర్థం లేదు, ఎనిమిది వందల నలభైకీ అర్థం లేదు, ఇవాళ మంచి కిట్టులో ఆ పాత సీరం తెల్లగా తేలుతుంది. అప్పుడు జంగమ్మ జబ్బు తరవాతెప్పుడో వచ్చిందనుకోవచ్చు. తన జబ్బు కూడా తరవాతే. ఈ ప్రార్థనలో ఏదో నీచం ఉందని సుప్రజకి తెలుస్తూనే ఉంది. మూడేళ్ళు ఫ్రీజరులో ఉన్న సీరంలో రంగు తగ్గితే తగ్గుతుందేమో గానీ, లేనిది కొత్తగా పుట్టదని కూడా తెలుసు. తెలిసినా ప్రార్థన ఆగలేదు.

నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళింది. ఊరికే మళ్ళీ ఒకసారి చూద్దామని, కొత్త కిట్టు వచ్చిందని ఏదో చెప్పింది. హాల్లో పెద్ద సోఫా, దాని మీద కూర్చోకుండా కింద చాప మీద జంగమ్మ. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది, పెట్టుకున్నట్టు కాదు, ఎవరో అక్కడ వదిలి వెళ్ళినట్టు. నాలుగు వేళ్ళూ చిటికెన వేలి వైపుకి ఒరిగిపోయాయి. మణికట్టు దగ్గర ఎముక బయటికి పొడుచుకొచ్చింది. బర్రెల్ని రెండేళ్ళ కిందటే తోలేశారట. కోడలు సృజన చాయ్ తెచ్చింది. బౌరంపేటలో ప్రైవేటు బడిలో టీచరు, చెడ్డ మనిషి కాదు. జంగమ్మ గ్లాసుని రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని ఎత్తుతుంటే సుప్రజ చూడలేక గోడ వైపు చూసింది. సృజన మాత్రం మామూలుగా మాట్లాడుతూనే ఉంది. "పొద్దున వంట టైమ్‌ల చేతులు రావంటది మేడమ్. నేను బడికి వొయినంక పది గొట్టంగనే మంచిగనే వస్తయట. మీ రిపోర్టులనే ఏం లేదని వచ్చింది గదా. నేను జెప్తె కోడలు మాటైతది." జంగమ్మ చాయ్ ఊదుకుంటూ కూర్చుంది. ఆ కాయితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఫ్రిజ్ మీద భద్రంగా దాచారు, ఎవరైనా ఏమైనా అడిగితే చూపించడానికి. మూడేళ్ళుగా ఆ ఇంట్లో జంగమ్మ అబద్ధాలకోరు, సాక్షి సుప్రజ. పొద్దున రాని చేతులు మధ్యాహ్నానికి రావడమే ఈ జబ్బు గుర్తు అని ఆ హాల్లో ఉన్నవాళ్ళలో ఒక్క సుప్రజకే తెలుసు, ఆమె సూది సంచిలో పెట్టుకుని, చాయ్ బాగుందని చెప్పి వచ్చేసింది.

మూడూ పదిహేనుకి ఫోన్ మోగింది. మధుసూదన్. కీసరలో ఏదో పెళ్ళి భోజనానికి వెళ్ళాడు, వెనకాల బ్యాండు వినిపిస్తోంది. ల్యాబులో లైటు వెలుగుతోందని ఎదురు దుకాణంవాడు చెప్పాడట. సుప్రజ ఉన్నదున్నట్టు చెప్పింది. "పాత ముచ్చట్లు తవ్వకు సుప్రజమ్మ. గా రిజిస్టరు ఎవరు జూస్తరు. ముందు నువ్వు మంచి డాక్టరుకు జూపించుకో, నేను మాట్లాడుత" అన్నాడు. ఆయన అన్నదాంట్లో రెండో సగం నిజమైన ప్రేమే. మొదటి సగం కూడా అసాధ్యమేమీ కాదు. మూడో నంబరు ట్యూబులో ఇంకా కొంచెం సీరం మిగిలుంది, దాన్ని సింకులో వంపేస్తే అయిపోతుంది. జంగమ్మకి ఫోన్ చేసి, పెద్దమ్మా ఇప్పుడు కొత్తగా జబ్బు వచ్చింది, పెద్దాసుపత్రికి వెళ్ళండి అంటే సరిపోతుంది. అబద్ధం కూడా కాదు, ఇప్పుడు ఉందన్నది నిజమే కదా. సుప్రజ ఆ మాటని మనసులో రెండుసార్లు చెప్పి చూసుకుంది. చాలా సహజంగా వచ్చింది. అంత సహజంగా రావడం చూసి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంకా ఎనిమిది నిమిషాలుంది, ఆగలేకపోయింది. సొరుగు లాగింది. అయిదో గుంట ముదురు నీలం, కంపెనీ రోగి కంటే ముదురు. నాలుగోది కూడా అంతే నీలం. అది తనది, ఇవాళ్టిది, ఈ పొద్దున అరగంట వేడినీళ్ళలో ముంచిన చేతిది. మొదటి గుంట అలాగే నీళ్ళలా ఉంది. మూడోది. మూడోది అంత ముదురు కాదు, ఆకాశంలాంటి నీలం, ఉతికి ఉతికి వెలిసిన బడి చొక్కా రంగు. కానీ నీలం. కళ్ళు మూసి తెరిచినా నీలమే. కింద తెల్ల కాయితం పెట్టి చూసినా నీలమే. సుప్రజ రంగు ఇంకా పెరక్కుండా ఆపే ద్రావణం పోసింది, నీలాలన్నీ పసుపయ్యాయి. మిషనులో పెట్టింది. మిషను గొణిగి మూడో గుంటకి రెండు వందల తొంభై అని చెప్పింది, మొదటి దానికి డెబ్భై అయిదు. తనకి జబ్బుందన్న సంగతి అప్పుడు నిజంగా తట్టింది, వెనకనుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేసినట్టు. భయం వేసింది. సాయిప్రియ గుర్తొచ్చింది. కానీ ముందు ఏడవాల్సింది తన గురించి కాదనిపించి, ఏడుపు అక్కడే ఆగిపోయింది. ఎక్కువ ఆలోచిస్తే చెయ్యలేనని ఫోన్ తీసి నొక్కింది.

ఎవరో మీట నొక్కి ముందు పెడితే జంగమ్మ పలికింది. చెవి దగ్గర పట్టుకోలేదు గనక ఆవిడ ఫోన్ ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది, హాల్లో టీవీ గోల వినిపిస్తోంది. "పెద్దమ్మా, సుప్రజని. మీకు జబ్బుంది పెద్దమ్మా. కీళ్ళవాతం. చాలా ఎక్కువగా ఉంది."

అవతల "గా టీవీ తగ్గియ్యుండ్రి" అన్న మాట వినిపించింది. టీవీ ఆగింది. "మళ్ళొక్కపారి జెప్పు బిడ్డా. గట్టిగ జెప్పు."

సుప్రజ చెప్పింది.

"ఇంటున్నవా జనార్ధనా. సృజనా, నువ్వు గూడ ఇటు రా. ఉన్నదట. నాకు బీమారున్నదట, నాటకం గాదట." మనవడికి ఉద్యోగం వచ్చిందని వాడకట్టంతా చెప్పేటప్పుడు ఉండే గొంతు అది. సుప్రజ రెండో చేత్తో బల్ల అంచు పట్టుకుంది. జనార్ధన్ గొంతు దగ్గరికొచ్చింది. "మరి గప్పుడు ఏం లేదన్నరు గద మేడమ్."

"అప్పుడూ ఉంది జనార్ధన్ గారూ. నేను తప్పు చెప్పాను. మంచి రక్తంతో పోల్చి చూడాలి, మేం నా రక్తంతో పోల్చాం. నా రక్తంలో కూడా అదే జబ్బుంది. నాకు తెలీదు. తెలుసుకోవాల్సింది, తెలుసుకోలేదు." ఇంకా ఏదో చెప్పబోయి ఆగింది. తిడతారని చూసింది. తిడితే బాగుండుననుకుంది.

"నీకు గూడనా బిడ్డా" అంది జంగమ్మ. "పొద్దుగాల తెరుసుకుంటలెవ్వా నీకు?"

"లేదు పెద్దమ్మా." ఇంతవరకూ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"మందున్నదా దీనికి?"

"ఉంది."

"ఏసుకుంటె నా ఏళ్ళు సక్కగైతయా మళ్ళ?"

బయట హైవే మీద ఏదో బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. అది పూర్తిగా వెళ్ళిపోయేదాకా సుప్రజ ఆగింది. "నొప్పి తగ్గుతుంది. ఇంకా వంకరపోకుండా ఆగుతాయి. పోయినవి మళ్ళీ రావు పెద్దమ్మా."

"గట్లనా" అంది జంగమ్మ. "నీయి ఇంక వంకర వోలేదు గద?"

"పోలేదు."

"అయితె నువ్వు జల్దీ షురూ జెయ్యి బిడ్డా, ఆలిశం జెయ్యకు." తరవాత ఆ గొంతు ఫోన్ నుంచి పక్కకి తిరిగింది. "సృజనా, గీ ఫోన్ బంద్ జెయ్యి. నా ఏలు ఒత్తుతలేదు."

ఎవరూ రాలేదు. ఆ హాల్లో కొడుకూ కోడలూ ఉన్నారని సుప్రజకి తెలుస్తూనే ఉంది, ఒక్కరూ కదలడం లేదు. గోళ్ళు గాజు మీద గీరుకుంటున్న చప్పుడు, ఒకసారి, మళ్ళీ ఇంకోసారి, మీట దొరక్క. ఇటువైపు నుంచి ఫోన్ పెట్టేయడానికి సుప్రజకి ఒక్క వేలు చాలు. పెట్టేయలేకపోయింది.